ఆండ్రోమెడాకు మా అన్నయ్య పెట్టిన దీపం

ఆకాశంలో నక్షత్రాలు కనిపించకుండా చేయడం మానవజాతి సాధించిన ఘనకార్యాల్లో మొదటిది. ఈ మాట నేను నిద్రమత్తులో రాయడం లేదు. నిద్రే లేనప్పుడు మత్తెక్కడిది? వీధి దీపం నేరుగా నా దిండు మీదే కాపురం పెట్టింది.

అప్పుడే మొహం చిట్లించకండి. కాస్త నిదానంగా ఆలోచించండి. పూర్వం ఆకాశం ఎలా ఉండేది? ఒక పద్ధతీ పాడూ ఉండేదా? ఎటు చూసినా చుక్కలే! ఆవాల డబ్బా చేయిజారినట్టు ఒకటే చిందరవందర. ఇప్పుడు చూడండి. ఒక చంద్రుడు, ఒకటో రెండో గ్రహాలు, అటూ ఇటూ పోయే విమానాలు. అంతే! తడిగుడ్డ పెట్టి తుడిచినట్టు ఎంత శుభ్రంగా ఉంది!

దీనివల్ల బాగుపడ్డవాళ్లు ఎంతమందో మీకు తెలుసా? పిల్లలకు నక్షత్రాల పేర్లు బట్టీపట్టే బాధ తప్పింది. ప్రేమలో పడ్డ కుర్రాళ్లు "నీకోసం చుక్కలు తెంపుకొస్తా" అని ధైర్యంగా మాటివ్వొచ్చు. అమ్మాయి నిలదీస్తే "ఏదీ, ఎక్కడుందో చూపించు, ఇప్పుడే తెస్తా" అనొచ్చు. కాకులు పగటి డ్యూటీతోపాటు రాత్రి డ్యూటీ కూడా చేస్తున్నాయి. మా వీధి చివరి టైలరు కొట్లో బల్బు తీసేసి, మిషను వాకిట్లోకి ఈడ్చుకుని, ఆ వెలుతురులోనే కాజాలు కుట్టుకుంటున్నాడు. దొంగలు టార్చిలైట్లు మోయడం మానేశారని వినికిడి.

కర్టెన్ల వ్యాపారం సంగతి చెప్పనే లేదు! వీధిలో వెలుతురు కావాలని పన్ను కడతాం. ఆ వెలుతురు పడగ్గదిలోకి రాకూడదని మందపాటి నల్ల కర్టెన్ కొంటాం. ఒక్క దీపం మీద రెండు పరిశ్రమలు బతుకుతున్నాయి. చీకటి ఊరికే దొరికిన రోజుల్లో దాన్ని నమ్ముకుని ఎవరైనా బాగుపడ్డారా?

ఇక నాకు జరిగిన మేలు వేరు. నా దగ్గర ఒక టెలిస్కోపు ఉంది.

చిక్కటి చీకట్లో టెలిస్కోపు పెట్టుకున్నవాడి బతుకెంత చప్పగా ఉంటుందో ఊహించండి. గొట్టం తిప్పుతాడు, కన్ను పెడతాడు, గెలాక్సీ కనపడుతుంది, పోయి పడుకుంటాడు. అందులో సాధన ఏముంది? సస్పెన్స్ ఏముంది? నాకు అలాంటి దరిద్రం పట్టలేదు. నాకు ఫిల్టర్లున్నాయి!

ఫిల్టర్ అంటే కోటు గుండీ కన్నా కాస్త పెద్దదైన గాజుబిళ్ల. టెలిస్కోపులో కన్ను పెట్టే చోట మర తిప్పి బిగించుకోవాలి. వీధి దీపాల వెలుతురును ఆపేసి, గెలాక్సీ వెలుతురును మాత్రం కంట్లోకి పంపుతుందని డబ్బా మీద రాసి ఉంటుంది. డబ్బా మీద రంగురంగుల గెలాక్సీ బొమ్మ కూడా ఉంటుంది. నిజం చెప్పాలంటే, ఫిల్టర్లు కొన్నాక నేను స్పష్టంగా చూసిన గెలాక్సీ అదొక్కటే.

అలాగని ఫిల్టర్‌ని తప్పుపట్టడానికి లేదు. పూర్వం మా వీధిలో పసుపు దీపాలుండేవి. వాటి వెలుతురంతా ఇంచుమించు ఒకటే రంగు. మొదట కొన్న ఫిల్టర్ గేటు దగ్గర కాపలావాడిలా నిలబడి, పసుపు చొక్కావాళ్లను ఆపేసి మిగతావాళ్లను లోపలికి పంపేది. ఆ తర్వాత తెల్ల ఎల్‌ఈడీలు వచ్చాయి. తెల్ల వెలుతురు అంటే అన్ని రంగుల చొక్కాలవాళ్లూ కలిసి రావడం. గెలాక్సీ అంటే కోట్లకు కోట్ల సూర్యులు. వాళ్లవీ అన్ని రంగుల చొక్కాలే. ఇక కాపలావాడేం చేస్తాడు పాపం? చుట్టమెవరో దొంగెవరో తెలియక అందర్నీ సమానంగా గెంటేస్తున్నాడు.

దాంతో ఇంకా ఖరీదైన ఫిల్టర్ తెప్పించాను. వీధి దీపం సగం తగ్గింది, గెలాక్సీ కూడా సగం తగ్గింది. ఇంతకన్నా నిష్పక్షపాతం ఎక్కడైనా ఉంటుందా? ఆపైన రెండు ఫిల్టర్లు ఒకదాని మీద ఒకటి బిగించాను. అబ్బ, ఏం చీకటి! నిగనిగలాడే కాటుక చీకటి! టెలిస్కోపు మూత తీయడం మర్చిపోయానేమోనని, తీసి ఉన్న మూతను మళ్లీ తీయబోయాను.

"ఇన్ని గాజుబిళ్లలు అడ్డం పెట్టుకునే బదులు కళ్లు మూసుకుంటే సరిపోదా?" అని మా ఆవిడ అంది. శాస్త్రీయ దృక్పథం లేనివాళ్లతో నేను వాదించను.

ఇప్పుడు మా అన్నయ్యను పరిచయం చేయాలి. కింది వాటాలో అన్నయ్యా వదినా ఉంటారు, పై వాటాలో మేము, ఆపైన డాబా, డాబా మీద నా టెలిస్కోపు. అన్నయ్య మా కాలనీ సంఘానికి అధ్యక్షుడు. చీకటంటే ఆయనకు వ్యక్తిగతంగా పడదు. ఎన్ని ఆఫీసుల మెట్లు ఎక్కి దిగాడో కానీ, సరిగ్గా మా ఇంటి ముందు కూడలిలో ఒక బ్రహ్మాండమైన స్తంభం పాతించి, దాని నెత్తిన ఒక గుత్తి దీపాలు వేయించాడు. స్తంభం మొదట్లో నల్లరాతి పలక, దాని మీద ఆయన పేరు. "నా కాలనీలో సూది కిందపడితే దొరకాలి" అనేది ఆయన నినాదం. ఇంతవరకు అక్కడ ఎవరూ సూది పారేసుకోలేదు. ఆ లోటు మా అన్నయ్యకు కాస్త ఉంది.

ఆ దీపాలు వీధికెంత వెలుతురిచ్చేవో, అంతకు రెట్టింపు వెలుతురు మా డాబాకూ మబ్బులకూ ఇచ్చేవి. మబ్బుల్లో మాత్రం సూది పడితే దొరకొద్దా?

మా వదిన ఆడపిల్లల బడిలో జాగ్రఫీ టీచరు. అప్పటికి ఆ నెలాఖరుకు రిటైరవబోతోంది. మొన్నామధ్య ఒక సాయంత్రం డాబా మీద ఆరిన బట్టలు తీస్తూ, చేతిలో ఉన్న దుప్పటి మడత ఆపి, నా టెలిస్కోపు వంక చూసింది.

"మరిదీ, నీ గొట్టంలో గెలాక్సీ కనపడుతుందా?"

"ఏ గెలాక్సీ కావాలి వదినా?" అన్నాను, నా దగ్గర నాలుగైదు రకాలు స్టాకున్నట్టు.

"ఆండ్రోమెడా. ఏటా బోర్డు మీద సుద్దతో వేస్తాగా. నడుమ గుండ్రంగా వేసి, చుట్టూ చేతులు తిప్పుతాను. పిల్లలు నోరు తెరుచుకుని చూస్తారు. మొన్న ముందు బెంచీలో పిల్ల లేచి, 'మీరు చూశారా టీచర్?' అంది."

"మీరేమన్నారు?"

"చూశానన్నాను."

వదిన దుప్పటిని మళ్లీ మడతపెట్టింది, అంతకుముందు పెట్టిన మడతే. "ఇన్నేళ్లలో ఒక్కరూ అడగలేదయ్యా. అడుగుతారని అనుకోలేదు. నోటికొచ్చేసింది. ఎలా ఉంటుంది టీచర్ అని ఇంకో ప్రశ్న వేసేలోగా బెల్లు కొట్టారు. బతికిపోయాననుకున్నా. కానీ నమ్మి అడిగింది కదా ఆ పిల్ల! అబద్ధం చెప్పి రిటైరవమంటావా? నువ్వు నాకది చూపించెయ్. చూసేస్తే నేనన్న మాట నిజమైపోతుంది."

"అన్నయ్యకు చెప్పి ఆ దీపం కాసేపు ఆపిద్దామా?"

"ఆ ఒక్కటీ వద్దు. దానికోసం ఆయన ఎంత తిరిగాడో నీకేం తెలుసు? అన్నం కూడా నిలబడే తినేవాడు. ఇప్పుడు నేనే వెళ్లి ఆర్పమంటే చిన్నబుచ్చుకుంటాడు."

చూశారా? దీపం ఎంత గొప్పదైతే ఇల్లాలు దానికోసం ఒక గెలాక్సీని వదులుకోవడానికి సిద్ధపడుతుంది! నేను మాత్రం నిబ్బరంగా ఉన్నాను. సొరుగు నిండా ఫిల్టర్లున్నవాడికి భయమేంటి?

మొదటి ప్రయత్నంలోనే విజయం! చీకటి పడగానే (పడిందని క్యాలెండర్ చెప్పింది కాబట్టి నమ్మాను) గొట్టం ఆండ్రోమెడా ఉండాల్సిన వైపు తిప్పి, ఉన్నవాటిలో మంచి ఫిల్టర్ బిగించి వదినను పిలిచాను. ఆవిడ కన్ను పెట్టి, గొట్టానికి చెయ్యి ఆనించి, కాసేపటికి కెవ్వుమంది.

"కనపడింది మరిదీ! ఎంత బాగుంది! పచ్చగా, గుండ్రంగా!"

"నేను చెప్పలేదూ!"

"చుట్టూ చుక్కలు కూడా ఉన్నాయి. తిరుగుతున్నాయి."

"అవి నక్షత్రాలు వదినా."

"చాలా జోరుగా తిరుగుతున్నాయే..." అని వదిన ఇంకా దగ్గరికి జరిగి చూసింది. తర్వాత నెమ్మదిగా తల పైకెత్తింది. "మరిదీ, ఈ గెలాక్సీలో పురుగులున్నాయి."

ఆవిడ చెయ్యి ఆనించినప్పుడు గొట్టం కిందికి వంగిపోయింది. పక్క కాలనీవాళ్లు మా అన్నయ్యను చూసి ఈర్ష్యతో వేయించుకున్న స్తంభం దీపం అందులో పడింది. ఫిల్టర్ పుణ్యమా అని పచ్చగా కనిపించింది.

"పోనీ వదినా, దీన్నే లెక్కలో వేసుకుంటే? గుండ్రంగా ఉంది, వెలుగుతోంది, చుట్టూ ఏవో తిరుగుతున్నాయి. పుస్తకంలో ఉన్న లక్షణాలన్నీ ఉన్నాయి" అన్నాను.

వదిన నా వైపు టీచరు చూపు చూసింది. నాకు తెలియకుండానే చేతులు కట్టుకుని నిలబడ్డాను.

మర్నాడు సాయంత్రం ఆవిడే ఒక ఉపాయం తెచ్చింది. పాత నల్ల గొడుగు! స్తంభం వైపు గొడుగు అడ్డం పట్టుకుంటే దీపం కంట్లో కొట్టదు కదా. వదిన గొడుగు కింద ముడుచుకుని, నెత్తిన నల్ల శాలువా కప్పుకుని టెలిస్కోపులో కన్ను పెట్టింది. ఎదురు డాబా మీదినుంచి ఒకాయన "వానొస్తోందా అమ్మా?" అని అడిగి, సమాధానం కోసం చూడకుండా ఆరేసిన బట్టలన్నీ తీసుకుని లోపలికి పోయాడు.

సరిగ్గా అప్పుడే అన్నయ్య డాబా మీదికొచ్చాడు. నల్ల ముసుగేసుకుని గొట్టం మీద వంగిన ఆకారాన్ని చూసి, "ఎవడ్రా అది!" అని కాలనీ అదిరిపోయేలా అరిచాడు. ఇంత వెలుతురులో కూడా సొంత భార్యను గుర్తుపట్టలేకపోవడం అధ్యక్షుడికి చాలా అవమానమనిపించింది. అందుకని ఆ కోపం నా మీద చూపించాడు.

"ఏరా, ఏంట్రా ఈ వేషాలు? మీ వదినను కూడా చెడగొడుతున్నావా?"

"వాణ్నేం అనకండి" అంది వదిన శాలువా తీస్తూ. "నేనే గెలాక్సీ చూద్దామని వచ్చా. బళ్లో పాఠం చెబుతాను కదా. కనపడటం లేదు."

అంతకుమించి చెప్పలేదు. దీపం మాట అసలే ఎత్తలేదు.

"కనపడకపోవడమేంటి?" అన్నాడు అన్నయ్య. ఆయన మొహంలో కోపం పోయి బాధ్యత వచ్చింది. "నా కాలనీలో కనపడకపోవడమేంటి?"

ఆ రాత్రే ఆయన నన్ను కిందికి పిలిచాడు. ఆయన వాదం మీరు కూడా శ్రద్ధగా వినాలి. ఎందుకంటే దేశాలన్నీ ఈ వాదం మీదే నడుస్తున్నాయి.

"ఒక వస్తువు కనపడటం లేదంటే దానర్థమేంట్రా? వెలుతురు చాలటం లేదని! అల్మరాలో చొక్కా కనపడకపోతే ఏం చేస్తాం? లైటేస్తాం. అవునా, కాదా?"

"అది చొక్కా కాదన్నయ్యా. దానంతట అదే వెలిగేది..."

"అయితే ఇంకా మంచిది. దాని వెలుగు కొంత, మన సాయం కొంత."

నేనింకేదో అనబోయాను. ఆయన గొంతు తగ్గించాడు. "మీ వదిన ఇన్నేళ్లలో నన్ను నోరు తెరిచి ఏదీ అడగలేదురా. రిటైరయ్యేలోపు ఇదొక్కటైనా చూపించాలి. నువ్వు మాత్రం బయటపెట్టకు."

ఏం చెప్పను? ఆవిడ ఆయన మనసు నొప్పించకూడదని దీపం సంగతి దాచింది. ఆయన ఆవిడను సంతోషపెట్టాలని ఇంకో దీపం సంగతి దాచాడు. మధ్యలో నేను రెండు రహస్యాలు మింగి కూర్చున్నాను. నాకు నిజంగా జాలేసింది, ఇద్దరి మీదా.

కాలనీ కమిటీ అత్యవసరంగా సమావేశమై, "అధ్యక్షులవారి సతీమణి సౌకర్యార్థం ఆండ్రోమెడా గెలాక్సీకి దీప సౌకర్యం కల్పించుట" అనే తీర్మానాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది. ఒక్క పళ్ల డాక్టరు మాత్రం, మిగిలిన వెలుతురు షటిల్ కోర్టు మీద పడేలా చూడాలని సవరణ ప్రతిపాదించాడు.

ఆ శుక్రవారం సాయంత్రం మా డాబా మీదికి ఒక సర్చ్‌లైటు వచ్చింది. దాన్ని మోసుకొచ్చిన నలుగురూ మెట్ల మీద రెండుసార్లు కూర్చున్నారు. దాంతోపాటు కమిటీ వచ్చింది. అన్నిటికన్నా పెద్ద సర్‌ప్రైజ్ ఏంటంటే, వదిన క్లాసు పిల్లలందరూ వచ్చారు! అన్నయ్యే స్వయంగా బడికెళ్లి హెడ్‌మిస్ట్రెస్‌ను ఒప్పించి పిలిపించాడు. వదిన చేతులు తుడుచుకుంటూ డాబా మీదికొచ్చి, పిల్లల్ని చూసి, వాళ్ల ముందు వరసలో ఆ ముందు బెంచీ పిల్లను చూసి, గోడ పట్టుకుంది.

"ఏమోయ్, రా! ఇప్పుడు కనపడకపోతే నన్నడుగు!" అని అన్నయ్య స్విచ్చు వేశాడు.

తెల్లటి స్తంభంలాంటి వెలుగు డాబా మీంచి లేచి ఆకాశంలోకి దూసుకుపోయింది. మబ్బులు ఉలిక్కిపడ్డాయి. కాకులు డ్యూటీకి ఆలస్యమైందనుకుని పరుగున వచ్చాయి. అంతవరకు బిక్కుబిక్కుమంటూ కనపడుతున్న ఒకటి రెండు చుక్కలు కూడా చెప్పకుండా వెళ్లిపోయాయి.

కమిటీ సభ్యులు ఒక్కొక్కరే టెలిస్కోపులో కన్ను పెట్టారు. అధ్యక్షుడు పక్కనే నిలబడి "కనపడిందా?" అని అడుగుతున్నాడు.

"భేషుగ్గా ఉంది!" అన్నాడు పళ్ల డాక్టరు. "ఎక్కడా పుచ్చు లేదు."

"ఇంత పెద్దదనుకోలేదండీ" అన్నాడు కోశాధికారి.

"మన కాలనీ మీద ఉన్నది కాబట్టి అంత బాగుంది" అన్నాడు కార్యదర్శి.

అన్నయ్య నా వైపు తిరిగాడు. "నువ్వు చూసి చెప్పరా, నువ్వు శాస్త్రం తెలిసినవాడివి." నేను కన్ను పెట్టాను. పాలగిన్నెలో తల దూర్చినట్టు అంతా తెలుపు! "ఫిల్టర్ ఒకటి మార్చి చూడాలి" అని గౌరవంగా తప్పుకున్నాను.

వదిన వంతు వచ్చింది. పిల్లలు గుసగుసలు ఆపేశారు. ఆవిడ వంగి చూసింది. చాలాసేపు చూసింది. అన్నయ్య మొహం వెలిగిపోతోంది. ఒక్క మాట చాలు. అందరూ అన్న మాటే. ఆవిడ కూడా "కనపడింది" అంటే మొగుడు సంతోషిస్తాడు, పిల్లలు నమ్ముతారు, చెప్పిన అబద్ధం కమిటీ సాక్షిగా నిజమైపోతుంది. అనేస్తుందనే నేననుకున్నాను. నేనైతే అనేసేవాణ్ని.

వదిన తల పైకెత్తింది.

"నాకేం కనపడటం లేదు" అంది.

అన్నయ్య నవ్వు సగంలో ఆగిపోయింది. వదిన ఆయన వైపు కాకుండా పిల్లల వైపు తిరిగింది.

"పిల్లలూ, ఆరోజు మీరు చూశారా టీచర్ అనడిగితే చూశానన్నాను. అబద్ధం చెప్పాను. నేను గెలాక్సీని ఎప్పుడూ చూడలేదు. పుస్తకంలో బొమ్మ చూసి బోర్డు మీద వేస్తున్నాను."

వదిన చూపు దించలేదు. ముందు బెంచీ పిల్ల చెయ్యెత్తింది, అది క్లాసురూమే అన్నట్టు.

"మరి అది ఎక్కడుంది టీచర్?"

"అక్కడే ఉందమ్మా." వదిన వేలు పైకి చూపించింది. తర్వాత చాలా మెల్లగా అంది: "మా ఇంటాయన దీపం వెనకాల."

అన్నయ్య సర్చ్‌లైటు వంక చూశాడు. ఇంటి ముందు స్తంభం వంక చూశాడు. పెళ్లాం వంక చూశాడు. "అంటే... వెలుతురెక్కువై కనపడటం లేదా?" అన్నాడు.

"అవునండీ."

"ముందే చెప్పొచ్చు కదటోయ్!"

"ఎలా చెప్పనండీ? మీరంత కష్టపడి పెట్టించారు."

అన్నయ్య సర్చ్‌లైటు స్విచ్చు తీసేశాడు. స్తంభానికున్న స్విచ్చుల పెట్టె తాళంచెవి ఎప్పుడూ ఆయన జేబులోనే ఉంటుంది. దాన్ని బయటికి తీసి, మెట్లు దిగి వెళ్లాడు. కాసేపటికి టక్కున శబ్దం వచ్చింది. కూడలి, వీధి, డాబా, కమిటీ అన్నీ ఒక్కసారి మాయమయ్యాయి. పిల్లలు సంతోషంతో కీచుమన్నారు.

"కరెంటు పోయిందా?" అని ఎవరో కిటికీలోంచి అరిచారు.

"పోలేదు! అధ్యక్షుడే తీసేశాడు!" అని ఇంకెవరో సమాధానం చెప్పారు. వీధి మొత్తం బయటికొచ్చింది.

"అందరూ కాసేపు కళ్లు మూసుకోండి. కంటికి చీకటి అలవాటు కావాలి. తొందరపడి తెరిచినవాళ్లకి చూపించను" అంది వదిన. చీకట్లో ఆవిడ గొంతు పదేళ్లు చిన్నదైపోయినట్టుంది. కమిటీ కూడా కళ్లు మూసుకుంది.

"ఫిల్టర్ పెట్టనా వదినా?" అన్నాను.

"నీ గాజుబిళ్లకో దండం, తీసెయ్."

గొట్టం సరిచేసి ఇచ్చాను. మసకగా ఉండేవి నేరుగా చూస్తే చిక్కవని, చూపు కొంచెం పక్కకి పెట్టి ఓరకంట చూడాలని చెప్పాను. వదిన అలాగే చూసింది.

"ఉంది" అంది.

అంతే అంది. కాసేపటికి పైటచెంగుతో కళ్లు ఒత్తుకుని, పిల్లల్ని వరసలో నిలబెట్టింది. ముందు బెంచీ పిల్ల చూసి, "చిన్న మసక మరకలా ఉంది టీచర్. చేతులేవీ లేవే!" అంది.

"అవునే తల్లీ, ఇంతే కనపడుతుంది. ఆ వెలుతురు అక్కడ బయల్దేరేటప్పటికి మనలాంటి మనుషులే పుట్టలేదు. ఇరవై ఐదు లక్షల ఏళ్లు ఎక్కడా ఆగకుండా వచ్చింది. మన వీధి దాకా వచ్చి ఆగిపోయింది."

అందరికన్నా చివర అన్నయ్య వచ్చాడు. కన్ను పెట్టి, "ఏదీ? ఏం లేదే!" అన్నాడు.

"అలా గుడ్లురిమి చూస్తే కనపడదండీ. పెళ్లికి ముందు మా ఇంటి ముందునుంచి వెళ్తూ నన్ను చూసేవారే, అలా చూడండి."

పిల్లలు కిసుక్కున నవ్వారు. అధ్యక్షుడు గంభీరంగా ఓరచూపు చూశాడు. చూసి, చాలాసేపు అలాగే ఉండిపోయాడు.

"ఇది ఎప్పుడు పెట్టారు?" అన్నాడు చివరికి.

పాఠకుల్లారా, ఇప్పుడు చెప్పండి. ఆ కాసేపు చీకటి వల్ల ఎంత నష్టం జరిగిందో చూశారా? ఒకే గోడకు అటూ ఇటూ ఉంటూ ఇన్నాళ్లూ పలకరించుకోని రెండు కుటుంబాలు ఆరోజు వాకిట్లో నిలబడి మాట్లాడుకున్నాయి. టైలరు పని ఆపి తల పైకెత్తాడు. అందరూ కర్టెన్లు తీసేశారు. పళ్ల డాక్టరు "నిజానికి ఇందాక నాకేం కనపడలేదు" అని ఒప్పుకున్నాడు. ఒక పెద్దమనిషి నిజం చెప్పే స్థితికి దిగజారాడంటే చీకటి ఎంత ప్రమాదకరమో ఆలోచించండి!

బడికి జరిగిన నష్టం ఇంకా ఘోరం. వదిన తన చివరి క్లాసులో ఆ అందమైన బొమ్మ వేయలేదట. నల్లబోర్డు మీద బొటనవేలితో సుద్దపొడి కాస్త రుద్ది, "ఇదీ ఆండ్రోమెడా. నేను చూశాను" అందట. వెనక బెంచీ దాకా అందరూ లేచి, "మేమూ చూశాం టీచర్!" అని అరిచారట. ఆ అల్లరికి పక్క క్లాసు టీచరు వచ్చి తలుపు కొట్టిందట.

మా అన్నయ్య సంగతి చెప్పనక్కర్లేదు. పూర్తిగా చెడిపోయాడు. రేకులు కొట్టే ఆయన్ని పిలిపించి, స్తంభం మీది దీపాలన్నిటికీ పైనుంచి రేకు టోపీలు పెట్టించాడు. ఇప్పుడు వెలుతురంతా కిందికే పడుతోంది. వీధి మునుపటికన్నా కాంతిగా ఉంది, షటిల్ కోర్టులో కాక్ కనపడుతోంది, సూది పడినా దొరుకుతుంది. పైన మాత్రం మళ్లీ ఆ పాత చిందరవందర మొదలైంది. రోజుకో చుక్క ఎక్కువ కనపడుతోంది. సాయంత్రమైతే అన్నయ్యా వదినా డాబా మీద నా కుర్చీలు లాక్కుని కూర్చుంటున్నారు.

అందరికన్నా నష్టపోయినవాణ్ని నేను. సొరుగు నిండా ఫిల్టర్లు మూలుగుతున్నాయి. ఎవరికైనా కావాలంటే ఉచితంగా ఇచ్చేస్తాను, వచ్చి పట్టుకెళ్లండి. అయితే వచ్చేముందు ఒక్కసారి మీ వీధిలోకి వెళ్లి, మీ దీపం ఎటు చూస్తోందో చూసి రండి. అది కిందికి చూస్తోందా, మీకు నా ఫిల్టర్లతో పనిలేదు. పైకి చూస్తోందా, నా ఫిల్టర్లు మీకు పనికిరావు.